షార్ట్ ఫిల్మ్‌ని ఫెస్టివల్స్‌కి పంపాలి, చేతిలో 30 వేలే: ఎక్కడికి పంపాలి, ఎక్కడికి వద్దు?

బోడుప్పల్_కుర్రోడు
18 నిమిషాల 40 సెకన్ల తెలుగు షార్ట్ ఫిల్మ్ రెడీగా ఉంది. మాటలన్నీ తెలంగాణ యాసలోనే. 1920×1080లో, 23.976 ఫ్రేమ్స్‌లో ఎడిట్ అయింది. పైనా కిందా స్కోప్ బార్లు (నల్ల పట్టీలు) ఉన్నాయి. సౌండ్ స్టీరియో. ఎంట్రీ ఫీజులు, మిగతా పనులు అన్నీ కలిపి పెట్టగలిగింది 30 వేలు. ఫెస్టివల్స్‌కి ఎంట్రీలు పంపే సైట్ ఫిల్మ్‌ఫ్రీవేలో ప్రొఫైల్ పెట్టిన దగ్గర్నుంచి రోజూ మెయిల్సే. "మీ సినిమా మాకు నచ్చింది, సగం ధరకే ఎంట్రీ, కోడ్ ఇదిగో" అని. ఒకరైతే అడక్కుండానే "బెస్ట్ ఇండియన్ షార్ట్" అని లారెల్ (పోస్టర్ మీద వేసుకునే ఆకుల దండ గుర్తు) పంపి, ట్రోఫీ కావాలంటే 120 డాలర్లు కట్టమంటున్నారు. వీటిని నమ్మొచ్చా? కేన్స్, బెర్లిన్, గోవా లాంటి వాటికి మనమే నేరుగా పంపొచ్చా? యూట్యూబ్‌లో పెట్టేసి తర్వాత పంపితే ఏమవుతుంది? టీమ్ మొత్తం యూట్యూబ్ అంటూ వెంటపడుతున్నారు.

కృష్ణానగర్_బాబాయ్
యూట్యూబ్‌ల ఇప్పుడే పెట్టకు తమ్మీ. పెట్టినవంటే సగం తలుపులు బందయితయి. ట్రోఫీకి పైసలడిగెటోళ్లకు జవాబు గూడ ఇయ్యకు. మిగిలింది రీల్‌డబ్బా వచ్చి చెప్తడు.

రీల్‌డబ్బా
వచ్చేశా బాబాయ్.

బ్రో, ఎంట్రీ ఫామ్‌లో ముందే అడిగేది "ఇంతకుముందు ఎక్కడెక్కడ చూపించారు" అని. ప్రపంచంలో మొదటిసారి చూపిస్తే వరల్డ్ ప్రీమియర్. తీసిన దేశం దాటి మొదటిసారి చూపిస్తే ఇంటర్నేషనల్ ప్రీమియర్. ఆ తర్వాత ఏషియన్ ప్రీమియర్, ఇండియన్ ప్రీమియర్, చివరికి ఊరి ప్రీమియర్. వరల్డ్ ప్రీమియర్ అనేది ఒక్కసారే మార్చుకోగలిగే పెద్ద నోటు. దాన్ని చిల్లర కొట్లో మార్చేస్తే మళ్లీ రాదు.

వెనిస్ షార్ట్స్‌కి వరల్డ్ ప్రీమియరే కావాలంటుంది. బెర్లిన్ షార్ట్స్‌కి వరల్డ్ గానీ ఇంటర్నేషనల్ గానీ ఉంటే చాలు. అంటే రవీంద్రభారతిలోనో లామకాన్‌లోనో పోస్టర్ వేసి, జనాన్ని పిలిచి షో వేశారనుకో, వెనిస్ తలుపు మూసుకుంటుంది, బెర్లిన్ తలుపు తెరిచే ఉంటుంది. నటులకీ టెక్నీషియన్లకీ మాత్రమే ప్రివ్యూ వేస్తే అది ప్రీమియర్ కింద లెక్క కాదు. టికెట్టు పెట్టినా, "అందరూ ఆహ్వానితులే" అని ఫేస్‌బుక్‌లో రాసినా లెక్కే.

యూట్యూబ్ సంగతి వేరు. పబ్లిక్‌గా ఒక్క రోజు పెట్టి తీసేసినా అది పెట్టినట్టే. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ నిబంధనల్లోనూ అర్హత రాకముందు నెట్‌లోనో టీవీలోనో వచ్చి ఉంటే కుదరదు. అన్‌లిస్టెడ్ లింక్ కూడా వద్దు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి ఎవరో ఒకరు మళ్లీ అప్‌లోడ్ చేస్తారు. పాస్‌వర్డ్ ఉన్న విమియో లింక్ పెట్టు.

సీటు_జీ12
ఒప్పుకోను. ఏడాది పాటు సినిమాని లాకర్లో పెడితే ఆ టీమ్‌కి అవకాశాలు ఎలా వస్తాయి? ఇక్కడ నిర్మాతలు చూసేది యూట్యూబ్ వ్యూసే. షార్ట్ ఫిల్మ్ చూసి డైరెక్షన్ ఛాన్స్ ఇచ్చిన సందర్భాలు తెలుగులో బోలెడు. వెనిస్‌కి వేలల్లో ఎంట్రీలు వస్తాయి. రానిదాని కోసం వచ్చేదాన్ని ఎందుకు ఆపుకోవాలి?

రీల్‌డబ్బా
జీ12, నిర్మాతలకి చూపించడానికి యూట్యూబ్ అక్కర్లేదు. పాస్‌వర్డ్ లింక్ పంపితే ఫోన్‌లోనే చూస్తారు. ఎన్నాళ్లు ఆగాలనేది మాత్రం ముందే రాసుకోవాలి, ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను. సినిమా పూర్తయిన తేదీ నుంచి 12 నెలలు, గట్టిగా అయితే 18. చాలా ఫెస్టివల్స్ అంతకంటే పాతది తీసుకోవు. ఆ గడువు దాటగానే యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చు.

అమీర్‌పేట_అఖిల
లారెల్ మెయిల్స్ గురించి. దొంగ ఫెస్టివల్‌ని పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు.

ముందు పేరు చూడండి. పెద్ద ఊరి పేరు, దానికి "ఇండిపెండెంట్" లేదా "గ్లోబల్" తగిలించి ఉంటుంది. ప్రతి నెలా అవార్డులిస్తారు. కేటగిరీలు వందకి పైనే, "బెస్ట్ ఫస్ట్ టైమ్ డైరెక్టర్ అండర్ 5 మినిట్స్" వరకూ. పోయినేడాది షెడ్యూల్ అడగండి: ఏ థియేటర్, ఏ తేదీ, ఎన్ని గంటలకి ఏ సినిమా. అసలైన ఫెస్టివల్ వెబ్‌సైట్‌లో పాత కేటలాగ్ పీడీఎఫ్‌లు పడి ఉంటాయి. వీళ్ల దగ్గర లారెల్స్ గోడ ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత ఆ థియేటర్ పేరు విడిగా వెతకండి, ఆ తేదీన అక్కడ ఏం ఆడిందో చూడండి. జ్యూరీ పేర్లు, వాళ్లు తీసిన సినిమాలు రాసి ఉన్నాయా? "సెమీ ఫైనలిస్ట్", "హానరబుల్ మెన్షన్" లాంటివి ఎంతమందికి ఇచ్చారు? ఎంట్రీల్లో ముప్పావు వంతు ఏదో ఒకటి గెలిచి ఉంటే అది ట్రోఫీల కంపెనీ. వాళ్ల ఆదాయం ఎంట్రీ ఫీజు, ట్రోఫీ, సర్టిఫికెట్, "రెడ్ కార్పెట్ ఇంటర్వ్యూ ప్యాకేజీ". ప్రేక్షకుడి టికెట్ డబ్బు అందులో ఉండదు, ఎందుకంటే ప్రేక్షకుడే ఉండడు.

ఫిల్మ్‌ఫ్రీవేలో ఉండటం సర్టిఫికెట్ కాదు. మంచివీ చెడ్డవీ పక్కపక్కనే ఉంటాయక్కడ. అలాగని ఆన్‌లైన్‌లో నడిచేవన్నీ దొంగవీ కావు. షెడ్యూల్, కేటలాగ్, జ్యూరీ ఈ మూడూ దొరకని చోట ఫీజు కట్టొద్దు.

మలక్‌పేట_మాస్
కానీ అక్కా, పోస్టర్ మీద పది లారెల్స్ ఉంటే మన ఏరియాలో ఇజ్జత్ ఉంటది గద. చూసెటోళ్లకు ఏది అసలుదో ఏది నకిలీదో ఏం తెలుస్తది?

అమీర్‌పేట_అఖిల
ఏరియాలో తెలియదు, సినిమాలు ఎంచే ప్రోగ్రామర్లకి తెలుస్తుంది. వాళ్లు రోజూ ఇవే పేర్లు చూస్తారు. ఊరూపేరూ లేని పది లారెల్స్ చూస్తే ఈ సినిమాని అసలైన చోట ఎవరూ తీసుకోలేదని అర్థం చేసుకుంటారు. పైగా అవన్నీ స్క్రీనింగ్ చరిత్రలో చేరిపోతాయి. ఇంటర్నేషనల్ ప్రీమియర్ ఏదో నెలవారీ అవార్డుల దగ్గర అయిపోయిందని ఫామ్‌లో రాయాల్సి వస్తుంది. వాళ్లు తెర మీద వేయకపోయినా "స్క్రీన్డ్" అని సైట్‌లో రాసేస్తారు.

పంజాగుట్ట_పంతులు
"కేన్స్‌కి ఎంపిక" అనే మాట మీద కూడా కొంచెం చెప్పాలి. ఏటా మే నెలలో ఫిలింనగర్లో ఈ పోస్టర్లు మొలుస్తాయి.

కేన్స్‌లో అఫీషియల్ సెలెక్షన్ అంటే ప్రధాన పోటీ, అన్ సర్టెన్ రిగార్డ్, పోటీకి బయట వేసేవి, కేన్స్ ప్రీమియర్, షార్ట్ ఫిల్మ్ పోటీ, ఫిల్మ్ స్కూల్ విద్యార్థుల కోసం లా సినెఫ్. పక్కనే వేరే సంస్థలు నడిపే విభాగాలున్నాయి: 1962లో మొదలైన క్రిటిక్స్ వీక్, 1969లో మొదలైన డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్, ఆసిడ్. వీటిల్లో దేనికి ఎంపికైనా గొప్పే. వీటన్నిటికీ బయట మార్షే ద్యు ఫిల్మ్ అనే మార్కెట్ ఉంది. అది 1959 నుంచి నడుస్తున్న కొనుగోలు అమ్మకాల సంత. అక్కడ డబ్బు కట్టి హాలు అద్దెకి తీసుకుంటే ఎవరి సినిమా అయినా వేసుకోవచ్చు. కొనేవాళ్లని వెతుక్కోవడానికి అది మంచి చోటే, అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ వేసి "కేన్స్ ఫెస్టివల్‌లో ప్రదర్శన" అని రాయడం అబద్ధం. తాటాకు కొమ్మ గుర్తు మార్కెట్ షోలకి ఇవ్వరు.

2024లో పాయల్ కపాడియా సినిమా ప్రధాన పోటీకి వెళ్లినప్పుడు దేశమంతా ఎందుకు మాట్లాడుకుంది? 1994లో షాజీ కరుణ్ సినిమా తర్వాత ముప్పై ఏళ్లకి మళ్లీ ఒక భారతీయ చిత్రం అక్కడికి చేరింది. గ్రాండ్ ప్రి తెచ్చుకుంది. అదే ఏడాది మన పుణె ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి చిదానంద ఎస్. నాయక్ షార్ట్‌కి లా సినెఫ్‌లో మొదటి బహుమతి వచ్చింది. అంత అరుదైన వాటిని మార్కెట్ షోతో కలిపేస్తే ఆ పనిచేసిన వాళ్లకి అన్యాయం.

గోవాలోనూ ఇదే తిరకాసు. ఫిల్మ్ బజార్ అనేది కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ నడిపే మార్కెట్, ఇఫ్ఫీ (భారత అంతర్జాతీయ చిత్రోత్సవం) పక్కనే జరుగుతుంది. అక్కడి వ్యూయింగ్ రూమ్‌లో సినిమా ఉండటం ఇఫ్ఫీకి ఎంపిక కావటం కాదు.

బోడుప్పల్_కుర్రోడు
చాలా థ్యాంక్స్ సార్. అయితే నా 18:40కి కేన్స్ షార్ట్స్ పంపొచ్చా?

రీల్‌డబ్బా
కుదరదు. కేన్స్ షార్ట్స్‌కి టైటిల్స్‌తో కలిపి 15 నిమిషాలు దాటకూడదు. వెనిస్‌కి 20, బెర్లిన్‌కి 30. ఆస్కార్ నిబంధనల్లో షార్ట్ అంటే 40 నిమిషాల లోపు. అన్నీ టైటిల్స్‌తో కలిపే.

సీటు_జీ12
నాలుగు నిమిషాలు కోసేస్తే సరిపోతుందిగా. ఏ షార్ట్‌లో అయినా నాలుగు నిమిషాలు ఎక్కువే ఉంటాయి.

యూసుఫ్‌గూడ_ఎడిటర్
ఒక్క ఫెస్టివల్ కోసం కథలో నాలుగు నిమిషాలు కోయడం తప్పు. కథ కానిది మాత్రం కోయాలి. తెలుగు షార్ట్స్ ఎలా మొదలవుతాయో చూడండి: నిర్మాణ సంస్థ లోగో, సమర్పకుల లోగో, "ప్రత్యేక కృతజ్ఞతలు" కార్డులు నాలుగైదు, ధూమపానం హెచ్చరిక, "ఈ కథ కల్పితం". నిమిషంన్నర ఇక్కడే పోతుంది. ఎంచేవాళ్లు రోజుకి పదుల సంఖ్యలో చూస్తారు, ఆ నిమిషంన్నరలో సినిమా ఇంకా మొదలే కాలేదు.

విదేశీ ఫెస్టివల్స్‌కి వేరే వెర్షన్ ఎక్స్‌పోర్ట్ చెయ్. ముందు ఒక్క లోగో, అదీ 5 సెకన్లకి మించకుండా. కృతజ్ఞతలన్నీ చివర్లో. చివరి టైటిల్స్‌లో ఒకే మనిషి పేరు కథ, మాటలు, ఎడిటింగ్, దర్శకత్వం అని నాలుగు కార్డుల్లో వస్తుంటే ఒక కార్డు చెయ్. నువ్వు కథ ముట్టుకోకుండానే 18:40 కాస్తా పదిహేడు దగ్గరికి వస్తుంది. స్క్రీనింగ్ బ్లాక్ సాధారణంగా గంటన్నర ఉంటుంది, అందులో ఐదారు షార్ట్స్ సర్దాలి. రెండు సినిమాలు సమానంగా నచ్చితే చిన్నదే లోపలికి వెళ్తుంది.

కృష్ణానగర్_బాబాయ్
కృతజ్ఞతల కార్డు తీస్తె మా బామ్మర్ది ఊకోడు అంటరు కొందరు. ఇండియా వెర్షన్‌ల పెట్టి ఆయనకు గదే చూపియ్యి.

శారద_సబ్స్
ఇంకా ఎవరూ సబ్‌టైటిల్స్ మాట ఎత్తలేదు. యాసలో తీసిన సినిమాకి ఎంపిక సగం అక్కడే తేలుతుంది, ఎందుకంటే చూసేవాళ్లకి వినిపించేది గొంతు మాత్రమే, అర్థమయ్యేది ఆ కింది లైనే.

కొలతలు చెప్తాను. ఒకసారికి రెండు లైన్లు, లైనుకి 42 అక్షరాలు దాటొద్దు. సెకనుకి సుమారు 17 అక్షరాలు చదవగలరు. ఒక్క మాటే అయినా సెకను దగ్గర్లో ఉండాలి, ఎంత పెద్దదైనా 7 సెకన్లకి మించి నిలబడొద్దు. ఒకటి పోయి ఇంకొకటి వచ్చే మధ్య రెండు ఫ్రేముల ఖాళీ వదలండి, లేకపోతే లైను మారిందని కంటికి తెలియదు. షాట్ మారేచోట సబ్‌టైటిల్ కూడా ముగిస్తే చూపు తొట్రుపడదు.

మన డైలాగ్ వేగం ఎక్కువ. నాలుగు మాటల గొడవలో ముగ్గురు ఒకేసారి అరుస్తుంటే అన్నీ రాయకూడదు. కథకి కావలసిన గొంతు ఒక్కటి రాయాలి. బ్యాక్‌గ్రౌండ్‌లో వినిపించే పాట కథ చెప్తుంటే రాయాలి, అలంకారానికైతే వదిలేయాలి. గోడ మీద బోర్డు, ఫోన్‌లో మెసేజ్ తెలుగులో కనిపిస్తే దానికీ సబ్‌టైటిల్ కావాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్‌ని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో వేరే ఎన్‌కోడింగ్‌లో సేవ్ అయితే కొటేషన్ గుర్తుల చోట పిచ్చి గుర్తులు వస్తాయి. తెలుగు రాని, కథ తెలియని ఒకరికి సౌండ్ ఆపేసి చూపించండి. ఎక్కడ వెనక్కి తిప్పి చదువుతారో అక్కడ లైను తగ్గించాలి.

సౌండ్_సత్తి
స్టీరియో అని చూసి ఆగిపోయా. యూట్యూబ్ కోసం లౌడ్‌గా కొట్టిన మిక్స్‌ని థియేటర్‌లో వేస్తే చెవులు చిల్లులు పడతాయి, ప్రొజెక్షనిస్ట్ ఫేడర్ (వాల్యూమ్) దించేస్తాడు, అప్పుడు గుసగుసలు వినపడవు. థియేటర్ మిక్స్ 85 డెసిబుల్స్ రిఫరెన్స్‌కి చేస్తారు, ఫేడర్ 7 మీద ఉంటుందని లెక్క. ఇంకో బాధ: స్టీరియో డీసీపీలో (డీసీపీ అంటే థియేటర్ సర్వర్‌లో ఆడే సినిమా ఫైళ్ల ప్యాకేజీ) సెంటర్ స్పీకర్ ఖాళీ. పక్క సీట్లో కూర్చున్నవాడికి డైలాగ్ గోడలోంచి వచ్చినట్టుంటుంది. పూర్తి 5.1కి డబ్బు లేకపోతే కనీసం డైలాగ్ ట్రాక్ విడిగా తీసి సెంటర్లో పెట్టించు, సంగీతం, ఎఫెక్ట్స్ ఎడమా కుడీ ఉంచు. మిక్స్ సెషన్ ఫైల్ ఉంటే ఒక పూట పని.

డీసీపీ_దొర
ఇప్పుడు డీసీపీ. ఆన్‌లైన్ ఎంట్రీకి అవసరం లేదు, ఎంపికయ్యాకే అడుగుతారు. అప్పుడు పది రోజులు కూడా టైం ఇవ్వకపోవచ్చు. అందుకే ఇప్పుడే చేసి పెట్టుకో. డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

మొదటి సమస్య నీ 23.976. డీసీపీలో ఆ వేగం లేదు, 24 ఉంది. చిత్రాన్ని 24కి మార్చి సౌండ్‌ని 0.1 శాతం వేగం పెంచాలి. చిత్రం మార్చి సౌండ్ వదిలేస్తే నీ 18 నిమిషాల చివరికి ఒక సెకనుకి పైగా తేడా వస్తుంది, గంటన్నర సినిమాలో 5.4 సెకన్లు. సబ్‌టైటిల్ ఫైల్‌కీ అదే లెక్క వర్తిస్తుంది, దాన్ని మర్చిపోయి సబ్స్ వెనకబడ్డాయంటారు.

రెండోది నీ స్కోప్ బార్లు. డీసీపీకి రెండు గదులు: ఫ్లాట్ 1998×1080, స్కోప్ 2048×858. బార్లతో ఉన్న 1920×1080ని అలాగే తీసుకెళ్లి స్కోప్‌లో పెడితే నాలుగు పక్కలా నల్లగా, మధ్యలో చిన్న బొమ్మ. సినిమా చిన్న కిటికీలోంచి చూసినట్టు. బార్లు కోసేసి అసలు చిత్రాన్ని స్కోప్ వెడల్పుకి పెంచు. బార్లు లేని 16:9 సినిమాలైతే ఫ్లాట్‌లో పెట్టండి, ఎడమా కుడీ 39 పిక్సెల్స్ చొప్పున నల్లగా ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఆ 39 పూడ్చాలని వెడల్పు లాగితే పైనా కిందా 22 పిక్సెల్స్ చొప్పున తెగుతుంది, కిందికి అతికించిన సబ్‌టైటిల్ తోక పోతుంది.

మూడోది రంగు. డీసీపీ ఎక్స్‌వైజెడ్ రంగుల్లో ఉంటుంది. నీ హెచ్‌డీ వీడియో రంగులు, అంటే రెక్ 709 నుంచి మార్పు సాఫ్ట్‌వేరే చేస్తుంది, నువ్వు ముందే మార్చిన ఫైల్ ఇస్తే రెండుసార్లు మారి ముఖాలు పచ్చబడతాయి.

నాలుగోది డిస్క్. డీసీపీ డిస్క్‌ని లైనక్స్ ఈఎక్స్‌టీ2 లేదా ఈఎక్స్‌టీ3లో ఫార్మాట్ చేస్తారు. విండోస్‌లో పెడితే "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. అవతల ఎవరో అవును నొక్కితే సినిమా మాయం. డిస్క్ మీద కాగితం అతికించు: సినిమా పేరు, నిడివి, ఫ్లాట్ లేదా స్కోప్, 5.1 లేదా స్టీరియో, "విండోస్‌లో తెరవొద్దు". ఇప్పుడు చాలామంది అప్‌లోడ్ లింకే అడుగుతున్నారు, అప్పుడు ఈ గొడవ లేదు. ఫోల్డర్‌లో అసెట్‌మ్యాప్, పీకేఎల్, సీపీఎల్ ఫైళ్ల పేర్లు మాత్రం మార్చొద్దు. అందంగా ఉండాలని పేరు మారిస్తే సర్వర్ దాన్ని గుర్తుపట్టదు.

యూసుఫ్‌గూడ_ఎడిటర్
సబ్‌టైటిల్స్ చిత్రం మీదే అతికిస్తే గోల ఉండదు కదా దొరా? విడిగా పెడితే ఒక్కో సర్వర్‌లో ఒక్కోలా వస్తాయి.

డీసీపీ_దొర
ఇంగ్లీష్ ఒక్కటే అయితే అతికించడమే మేలు, ఏ హాల్లో అయినా ఒకేలా పడుతుంది. కానీ సబ్‌టైటిల్ లేని శుభ్రమైన మాస్టర్ ఒకటి తప్పకుండా దాచుకోవాలి. ఫ్రాన్స్‌లోనో స్పెయిన్‌లోనో ఎంపికైతే వాళ్ల భాషలో విడిగా వేస్తారు. నీ ఇంగ్లీష్ అప్పటికే అతికి ఉంటే తెర మీద రెండు భాషలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

శారద_సబ్స్
దొరగారూ, ఆన్‌లైన్ స్క్రీనర్‌కి (ఎంచేవాళ్లకి లింక్‌లో పంపే కాపీకి) మాత్రం అతికించిందే ఉండాలని రాయండి. విమియోలో సీసీ బటన్ నొక్కాలని చూసేవాళ్లకి తోచకపోతే సినిమా మొత్తం తెలుగులోనే చూసి పక్కన పెట్టేస్తారు.

డీసీపీ_దొర
అవును, స్క్రీనర్‌కి అతికించిందే. డీసీపీ అయ్యాక ఒకసారి థియేటర్‌లో చూడటం తప్పనిసరి. ప్రసాద్ ల్యాబ్స్, ఫిల్మ్ ఛాంబర్ ప్రివ్యూ థియేటర్లు గంటల లెక్కన ఇస్తాయి. ముందే అడగాల్సింది: డీసీపీ ఆడే సర్వర్ ఉందా అని. యూఎఫ్‌ఓ కంపెనీ డిజిటల్ తెరల ఫార్మాట్ వేరు, అక్కడ బాగా ఆడిందంటే డీసీపీ బాగున్నట్టు కాదు. మొదటి రెండు నిమిషాలు, మధ్యలో ఒక గోల సీను, చివరి డైలాగ్ చూడండి. చివరి డైలాగ్‌కి పెదాలు కలిస్తే 24 లెక్క సరిపోయినట్టే.

మెహిదీపట్నం_మెంబర్
గోవా గురించి అడిగారు కదా. ఇఫ్ఫీ ఏటా నవంబర్ 20 నుంచి 28 వరకు. అంతర్జాతీయ పోటీకి 15 సినిమాలు ఎంచుతారు, అది ఫీచర్లకే (పూర్తి నిడివి సినిమాలకే). స్వర్ణ మయూరం 40 లక్షలు, దర్శకుడికీ నిర్మాతకీ కలిపి. వెండి మయూరాల్లో ఉత్తమ దర్శకుడికి 15 లక్షలు, నటుడికీ నటికీ చెరో 10. షార్ట్‌తో దీనికి దారి లేదు.

షార్ట్‌కి దారి ఇండియన్ పనోరమా నాన్ ఫీచర్ విభాగం. 70 నిమిషాల లోపు ఏదైనా, కథాచిత్రమైనా డాక్యుమెంటరీ అయినా. అందులో ఎంచేది 20. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ఎంట్రీలు ఎండాకాలం పోయాక పిలుస్తారు, సినిమా పూర్తయిన తేదీకి వాళ్లు ఇచ్చే 12 నెలల కిటికీ ఉంటుంది, దాని బయట పడితే ఎంత మంచిదైనా తీసుకోరు. పనోరమా పోటీ కాదు, ఎంపికే గౌరవం. 35 ఏళ్ల లోపు వాళ్లకి ఇంకో తలుపు క్రియేటివ్ మైండ్స్ ఆఫ్ టుమారో. 2021లో 75 మందితో మొదలై 2024లో 100 మందికి పెరిగింది. 48 గంటల్లో షార్ట్ తీసే పోటీ కూడా అందులోదే.

నీకు ఇంకా దగ్గరి దారులు: బెంగళూరు షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, గెలిస్తే ఆస్కార్ అర్హత వస్తుంది. తిరువనంతపురం డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్. ముంబై చిత్రోత్సవం ఎంఐఎఫ్‌ఎఫ్ రెండేళ్లకోసారి, అక్కడ ఉత్తమ డాక్యుమెంటరీకి బంగారు శంఖం, 10 లక్షలు. డిసెంబర్లో కేరళ చిత్రోత్సవం ఐఎఫ్‌ఎఫ్‌కే 20 లక్షల సువర్ణ చకోరం ఇస్తుంది కానీ అదీ ఫీచర్లకే.

మలక్‌పేట_మాస్
అన్నీ బెంగళూరు, కేరళ, గోవానే. మన హైదరాబాద్‌ల ఏం లేదా?

పంజాగుట్ట_పంతులు
ఉండేది తమ్ముడూ. 1986 ఫిల్మోత్సవ్ ఇక్కడే జరిగింది. అప్పట్లో ఇఫ్ఫీ ఢిల్లీలో జరిగే ఏడాది పోటీ ఉండేది, వేరే ఊళ్లలో జరిగే ఏడాది పోటీ లేకుండా ఫిల్మోత్సవ్. తర్వాత అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి హైదరాబాదే శాశ్వత వేదికైంది. రెండేళ్లకోసారి నవంబర్లో, స్వర్ణ గజం బహుమతి, పెద్దల జ్యూరీతో పాటు పిల్లల జ్యూరీ. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి ఇరాన్ సినిమాలూ చెక్ సినిమాలూ చూసేవారు. 2017లో 20వది జరిగింది. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని 2022లో ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. ఇంత పెద్ద సినిమా పరిశ్రమ ఉన్న ఊరికి స్థిరమైన అంతర్జాతీయ పోటీ లేకపోవడం నిజంగా లోటే. తెలుగు ప్రేక్షకుడు వేరే దేశం సినిమాని తెర మీద చూసే అలవాటు అలాంటి ఫెస్టివల్‌లోనే పుడుతుంది. మళ్లీ మొదలుపెట్టాలని గట్టిగా అడగాల్సింది మనమే.

మెహిదీపట్నం_మెంబర్
అడగాలి సార్. ఈలోపు ఊళ్లో ఫిల్మ్ క్లబ్ షోలకి వెళ్లమని కూడా చెప్పండి. ఏ ఫెస్టివల్ ఎలాంటి షార్ట్స్ ఎంచుతుందో చూడకుండా ఫీజు కట్టడం గుడ్డిగా కట్టడమే.

రీల్‌డబ్బా
ఇక 30 వేల లెక్క. ఫీజు సగటున ఎంట్రీకి రెండు మూడు వేలు పడుతుంది, కార్డు మీద విదేశీ మారకం ఛార్జీ 3.5 శాతం దాకా అదనం. అంటే మొత్తం ఫీజులకే పోసినా పది, పన్నెండు ఎంట్రీలే. అందుకని మొదట సబ్‌టైటిల్స్ సరిచూపించడానికి, సెంటర్ స్పీకర్ పనికి, ఒక థియేటర్ పరీక్షకి కలిపి 12 వేలు పక్కన పెట్టు. మిగిలిన 18తో ఆరేడు ఎంట్రీలు. ఎర్లీ బర్డ్ గడువులోనే పంపు, చివరి గడువులో ఫీజు దాదాపు రెట్టింపు, పైగా అప్పటికి సగం ప్రోగ్రామ్ నిండిపోయి ఉంటుంది.

వరస: ముందు వరల్డ్ ప్రీమియర్ అడిగేవి ఒకటి రెండు, జవాబు వచ్చేదాకా ఆగు. రాకపోతే బెర్లిన్, దాని గడువు నవంబర్ దగ్గర్లో ఉంటుంది. ఆ తర్వాత వరల్డ్ ప్రీమియర్ పట్టింపు లేని షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్స్. ఫ్రాన్స్‌లో క్లెర్మాన్ ఫెరాన్, జర్మనీలో ఓబర్‌హౌజెన్, టోక్యోలో షార్ట్ షార్ట్స్. ఇండియాలోవి వీటితో పాటే పంపొచ్చు, కానీ అక్కడ షో పడే తేదీ వెనిస్ కంటే ముందొస్తే ఏది వదులుకుంటావో ముందే తేల్చుకో. ఫీజు భారమైతే ఫెస్టివల్‌కి మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ రాసి మాఫీ అడుగు: సినిమా పేరు, నిడివి, ఒక లైను కథ, లింక్, పాస్‌వర్డ్. మొదటి సినిమా, స్వతంత్రంగా తీసినదంటే కొందరు ఇస్తారు. గడువు చివరి వారంలో అడిగితే ఎవరూ ఇవ్వరు.

బోడుప్పల్_కుర్రోడు
ఒక సీన్‌లో చాయ్ దుకాణం రేడియోలో పాత సినిమా పాట 20 సెకన్లు వినిపిస్తుంది. ఇబ్బందా?

సౌండ్_సత్తి
ఇబ్బందే. ఎన్ని సెకన్లయితే హక్కులు అక్కర్లేదనే నిబంధన ఏదీ లేదు. ఎంట్రీ ఫామ్‌లో సంగీతం హక్కులన్నీ మీవేనని సంతకం పెడతావు. ఆ లేబుల్ దగ్గర అనుమతి తీసుకో, లేదా ఆ కాలం పోలికతో కొత్త పాట చేయించు. నెట్‌లో కొన్న స్టాక్ మ్యూజిక్ ఉన్నా లైసెన్స్ చదువు. "వెబ్‌కి మాత్రమే" అని ఉంటే థియేటర్ షోకి చెల్లదు.

అమీర్‌పేట_అఖిల
ఇంకోటి. సినిమా పేరు, నీ పేరు ఇంగ్లీష్ స్పెల్లింగ్ అన్ని చోట్లా ఒకటే ఉండాలి. ఫామ్‌లో ఒకలా, టైటిల్ కార్డులో ఒకలా, పోస్టర్ మీద ఒకలా ఉంటే కేటలాగ్‌లో తప్పు పడుతుంది, తర్వాత అవార్డు సర్టిఫికెట్‌లోనూ అదే తప్పు. విమియో పాస్‌వర్డ్ కూడా ఫలితాలు వచ్చేదాకా మార్చొద్దు. కొత్త కట్ ఉంటే అదే లింక్ మీద ఫైల్ మార్చు, లింక్ మారకుండా.

బోడుప్పల్_కుర్రోడు
డీసీపీకి తాళం వేయాలా? ఎన్‌క్రిప్ట్ అని ఆప్షన్ కనిపిస్తోంది.

డీసీపీ_దొర
షార్ట్‌కి వద్దు. తాళం వేస్తే ప్రతి హాలు సర్వర్‌కీ విడిగా కేడీఎం తాళంచెవి చేయాలి, అది ఫలానా తేదీ ఫలానా గంట వరకే పనిచేస్తుంది. షో అరగంట ఆలస్యమైనా, ఆఖరి నిమిషంలో పక్క స్క్రీన్‌కి మార్చినా తెర నల్లగానే ఉంటుంది, అక్కడ అర్ధరాత్రి నీ ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.